రోడ్డు కింద లేని పైపులు

2023 డిసెంబరు. అప్పుడు నేను తమిళనాడులో సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ మధ్య ఉన్న, మండలం లాంటి ఒక పంచాయతీ యూనియన్‌లో ఓవర్సీర్‌ని. ఓవర్సీర్ అంటే పేరు పెద్దది, పని చిన్నది. పల్లె రోడ్లు, కల్వర్టులు, మంచినీటి ట్యాంకులు, శ్మశానం ప్రహరీలు కట్టించి, వాటి కొలతలు ఎం-బుక్‌లో రాయాలి. ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. భూమి లోపల ఏముందో, పైన ఏముందో, ఎన్ని మీటర్లుందో ఓవర్సీర్ అందులో రాస్తే అదే ప్రభుత్వానికి నిజం. పైవాళ్లు ఎవరూ తవ్వి చూడరు. మా ఉద్యోగమంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

మాది నాగలాపురం వైపు ఒక నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువు తమిళంలో, ఉద్యోగం తమిళంలో. తెలుగు చదవడం, రాయడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవి. అందుకే దీన్ని తెలుగులో రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను చేసిన తప్పు తెలుగులోనే చేశాను.

మా వైపు వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన జనం. మా కల్వర్టులన్నీ ఆ కరువు లెక్కకే కట్టినవి. అలాంటి చోట ఆ డిసెంబరులో రెండు రోజులు ఆగకుండా కురిసింది. మా యూనియన్‌లో ఎన్ని చోట్ల రోడ్లు తెగాయో లెక్క రాసుకోవడానికే నాకు ఒక రోజు పట్టింది. రెండు రోజుల్లో అన్ని దారులూ తెరవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తెరిచిన ప్రతి చోటా ఫోటో తీసి ఫోన్‌లోని యాప్‌లో పెట్టాలి. ఫోటో వెళ్తే పని అయినట్టే.

నేను చెప్పబోయేది వెంగలాపురం సంగతి. అసలు పేరు అది కాదు. ఊళ్లో మెట్ట మీద మా తెలుగు రైతుల ఇళ్లు. ఊరికి అవతల ఒక ఓడ, అంటే వానాకాలంలో మాత్రమే పారే వాగు. ఓడ దాటితే పల్లంలో కాలనీ. నలభై దాకా దళితుల ఇళ్లు. అక్కడి ఆడవాళ్లు పొద్దున్నే వ్యాన్ ఎక్కి సాత్తూరు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు పోతారు, లేదంటే రైతుల చేలల్లో కలుపుకి పోతారు. కాలనీకి దారి ఓడ మీది కల్వర్టు ఒక్కటే. దానికి రెండు వెంట్లు. వెంట్ అంటే నీళ్లు పోయే కన్ను. ఒక్కో వెంట్‌కి మూడు హ్యూమ్ పైపులు వరసగా పెట్టాలి. అవి మనిషి వంగి దూరగలిగేంత పెద్ద సిమెంటు పైపులు. రెండు వెంట్లకు ఆరు. వరద ఆ ఆరింటినీ పగలగొట్టి ఈడ్చుకుపోయింది.

ఊరి వెనక చేలకు పోయే బండిదారి కూడా ఒక చిన్న కాలువ దగ్గర తెగింది. మా స్టాకులో మిగిలింది సరిగ్గా ఆరు పైపులు.

ఊళ్లో పెద్ద రైతు ఒకాయన ఉన్నారు. నాకు అమ్మ వైపు దూరపు వరస, మామ అవుతారు. ఆయన జేసీబీ, ట్రాక్టరు ఇవ్వకపోతే ఆ రెండు రోజుల్లో నేను ఒక్క దారి కూడా తెరవగలిగేవాణ్ణి కాదు. సొంత డీజిల్ పోసి ఇచ్చారు. నేను ఊళ్లోకి దిగగానే అరుగు మీద కూర్చోబెట్టి, తడిసిన చొక్కా విప్పించి, తన పంచె ఇచ్చి, కంబు సంగటి, అంటే సజ్జ సంగటి, పెట్టించారు. మా వాళ్లలో అదొక పద్ధతి. ముందు అన్నం, తర్వాత మాట. అన్నం తిన్నాక మాట కాదనడం కష్టం. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత అందరం ఓడ దగ్గరికి పోయాం. కాలనీ వాళ్లు పదిమంది దాకా అవతలి గట్టున నిలబడి ఉన్నారు. మారియమ్మాల్ అనే ఆమె మాత్రం నడుము లోతు నీళ్లలో ఇవతలికి వచ్చి, పనివాళ్లకు బిందెతో తాగే నీళ్లు పోస్తూ ఉంది. యాభై దాటిన మనిషి. నాకు, మామకు రెండు బారల దూరంలో ఉంది. మామ నాతో తెలుగులో అన్నారు:

"అల్లుడా, ఉండేది ఆరు పైపులు. మన చేని దోవకి ఆరూ వేసేయి. వీల్లకి ఉత్త మన్ను పోసి తొక్కించు. నడిచిపోయేవాల్లకి పైపు యాలకి?"

అప్పుడు నేను చెప్పాల్సిన జవాబు నాకు తెలుసు. కన్ను లేకుండా మట్టి పోస్తే అది రోడ్డు కాదు, ఆనకట్ట. మళ్లీ వాన పడితే నీళ్లు వెనక్కి తన్ని పల్లంలోని ఇళ్లలోకి పోతాయి. ఇది తెలియడానికి డిప్లొమా అక్కర్లేదు, మడికి నీళ్లు కట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. పోనీ మూడూ మూడుగా పంచినా ఒక్కో వెంట్‌తో రెండు దారులూ గడిచిపోయేవి. అదీ చెప్పలేదు. మామ పంచె కట్టుకుని, ఆయన సంగటి కడుపులో పెట్టుకుని, నేను కూడా తెలుగులోనే అన్నాను:

"పైన గ్రావెల్ వేసి తొక్కిస్తే లోపల పైపు ఉండేది లేనిది ఎవురికి తెలస్తాది మామా. ఫోటోలో పడేది రోడ్డే కదా."

మామ నవ్వారు. నేనూ నవ్వాను. మారియమ్మాల్ బిందె పట్టుకుని అక్కడే ఉంది. ఆమెను చూసి కూడా చూడనట్టే ఉన్నాను. మా వాళ్లందరికీ ఉన్న అలవాటే అది. బస్సులో, బట్టల కొట్లో, ఆస్పత్రిలో ఇతరులకు తెలియకూడని మాట వస్తే గొంతు తగ్గించం, భాష మారుస్తాం. తెలుగులోకి మారితే తలుపు వేసుకున్నట్టే అనుకుంటాం.

ఆరు పైపులూ మామ చేని దోవలో పడ్డాయి. సాయంత్రానికి కాలనీ దారి తయారైంది. మట్టి, పైన గ్రావెల్, జేసీబీ చక్రాలతో అటూ ఇటూ తొక్కించడం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాన్ దాని మీద దాటగానే కాలనీ పిల్లలు ఈల వేశారు. ఫోటో తీసి పెట్టాను. తాత్కాలిక పునరుద్ధరణ, రెండు వెంట్లు, ఆరు పైపులు అని రాసుకున్నాను. మరుసటి రోజు మీటింగులో అందరికంటే ముందు పని ముగించిన ఓవర్సీర్ అని నా పేరు చదివారు. నేను లేచి నిలబడ్డాను కూడా.

వారం తర్వాత మారియమ్మాల్ మా ఆఫీసుకు వచ్చింది. బస్సెక్కి, ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది. తలుపు దగ్గర నిలబడి తమిళంలో అడిగింది, కింద పైపులు వేశారా సార్ అని. నేను ఎం-బుక్ మీంచి తల ఎత్తలేదు. వేశాం, రెండు వెంట్లు, పో అన్నాను. ఆమె వెంటనే పోలేదు. ఇంకేదైనా అంటానేమో అన్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత చెప్పుల చప్పుడు వినిపించింది.

జనవరి మొదటి వారంలో మళ్లీ వాన వచ్చింది. మునుపటంత కాదు, తెల్లవారి మొదలై మధ్యాహ్నం దాకా పడింది. మూడింటికి మామ ఫోన్ చేశారు. కాలనీ వాళ్లు గవర్నమెంటు రోడ్డు తవ్వేశారని, మారియమ్మాల్ కొడుకు కరుప్పసామి తాను నడిపే వ్యాన్‌లో గడ్డపారలు తెచ్చాడని, ఇలా వదిలేస్తే రేపు ఊరే తవ్వుతారని కోపంగా చెప్పారు. బండి వేసుకుని పోయాను.

రోడ్డుకు అడ్డంగా ఆరడుగుల గండి. అందులోంచి నీళ్లు ఉరుకుతున్నాయి. అవతల కింది వరస ఇళ్ల గోడల మీద మోకాలి ఎత్తున బురద గీత. ఒక ఇంటి ముందు బియ్యం బస్తా విప్పి గోనె మీద ఆరబోశారు. ఆడవాళ్లు ఇళ్లల్లో అతికించే అగ్గిపెట్టెల అట్టలు తడిసి ముద్దయి కుప్పలుగా పడున్నాయి. ఒక ముసలామెను మంచంతో సహా ఎత్తి మెట్టకు చేర్చారట. మంచం ఇంకా అక్కడే తడిసి పడుంది. ఇంకో గంట ఆగి ఉంటే మట్టిగోడలు కూలేవి. గండి కొట్టడమే ఆ రోజు అక్కడ జరిగిన ఒకే ఒక్క సరైన ఇంజనీరింగ్ పని. నేను చేయాల్సింది వాళ్లు చేశారు.

ఇది నాకు చూసిన నిమిషంలోనే అర్థమైంది. అయినా ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయి, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారని ఫిర్యాదు రాసిచ్చాను. భయం. గండిలో పైపులు కనపడవు కదా. ఎవరైనా పెద్ద ఇంజనీరు వచ్చి చూస్తే ఆరు పైపులు ఎక్కడయ్యా అంటాడు. ముందే ఫిర్యాదు ఉంటే, వాళ్లే తవ్వి పారేశారని చెప్పుకోవచ్చు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. నేను ఎదుటివాడి భుజం మీద బూడిద రాశాను. మామ చెప్పిన పేరు, కరుప్పసామి అని, తండ్రి పేరుతో సహా నా చేతులతో రాశాను.

కరుప్పసామికి అప్పుడు ముప్పై ఏళ్లు. ప్రభుత్వ బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికై, పోలీసు వెరిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నాడు. కేసు ఉంటే ఆ ఉద్యోగం పోయినట్టే. ఈ సంగతి నాకు మరుసటి రోజు స్టేషన్‌లో తెలిసింది.

ఎస్సై తమిళనాడు ఉత్తర జిల్లాల కుర్రాడు, తొందరపడే మనిషి కాదు. ఇంకా ఎఫ్ఐఆర్ వేయలేదు, ఫిర్యాదు అందినట్టు రసీదు మాత్రం ఇచ్చి రెండు పక్షాలనూ పిలిపించాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. కరుప్పసామి గోడ పక్కన నిలబడ్డాడు. మారియమ్మాల్ ముందుకు వచ్చి తమిళంలో చెప్పింది. మొదటి దెబ్బ వేసింది తానే, కొడుకు పేరు కొట్టేసి తన పేరు రాసుకోమంది. వాడు వ్యాన్‌లో గడ్డపారలు తెచ్చింది తాను ఫోన్ చేసి పిలిస్తేనే అంది.

ఎస్సై నా వైపు తిరిగి మామూలుగా ఒక ప్రశ్న అడిగాడు. పైపులున్నాయి కదా సార్, మరి నీళ్లు ఎందుకు ఆగాయి?

చెత్త అడ్డం పడి ఉంటుంది అన్నాను.

అప్పుడు మారియమ్మాల్ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. తెలుగులో మాట్లాడింది. మా అమ్మమ్మ మాట్లాడే తెలుగులో.

"సామీ, ఆ దినం ఓడకాడ మీరు మామాతో అన్నది విన్నాను. ఎనిమిదేండ్ల పిల్ల నుంచి మీ వాల్ల చేలల్లోనే పని నాకు. మీ బాస నాకు తెలస్తాది. ఆపీసుకి వచ్చి అడిగింది తెలీక కాదు. మీ నోటితో యామి చెప్తారో చూసేకి వచ్చినాను. ఈయనకి తెలుగు రాదు. నేను చెప్పను. మీరే చెప్పండి."

ఆమెకు తెలుగు వస్తుందని నాకు తెలియకపోవడం ఏమిటి? మా ఇంటికి కలుపుకు వచ్చే ఆడవాళ్లతో మా అమ్మమ్మ ఏ భాషలో మాట్లాడేది? తెలుగులోనే తిట్టేది, తెలుగులోనే పని చెప్పేది, తెలుగులోనే గంజి తాగి పొమ్మనేది. వాళ్లు తలూపి పని చేసేవాళ్లు. అర్థం కాకుండానే చేశారా? మా వైపు ఏ కాలనీలో చూసినా నలభై దాటిన మనుషులందరికీ మా భాష వస్తుంది. మా ముందు మాట్లాడరు, అంతే. వాళ్లు మాట్లాడకపోతే వాళ్లకు రాదని తీర్మానించుకున్నాం. అడిగింది ఎవరు?

ఏమంటోంది అని ఎస్సై నన్ను అడిగాడు. ఆ గదిలో ఆ మాట తమిళంలోకి మార్చి చెప్పగలిగింది ఆ తల్లీకొడుకులు, నేను. తల్లి చెప్పనంది, కొడుకు తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు.

కొడుకు కోసం బతిమాలుతోంది అన్నాను.

అవును, అలాగే అన్నాను. అన్నీ తెలిసిపోయాక కూడా, ఆమె కళ్ల ముందే, ఆమెకు బాగా తెలిసిన తమిళంలోనే ఇంకో అబద్ధం చెప్పాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలో నన్ను ఇప్పటికీ కుదిపేది పైపులు వేయకపోవడం కాదు, ఆ ఒక్క మాట.

ఆమె నన్ను ఖండించలేదు. చూస్తూ నిలబడింది, అంతే. ఆఫీసు తలుపు దగ్గర కూడా ఇలాగే నిలబడి ఉంటుంది. ఆ రోజు తల ఎత్తలేదు కాబట్టి నాకు తెలియలేదు. ఎస్సై కాగితం మీద ఏదో రాయబోతున్నాడు. సార్ రాయకండి అన్నాను. పైపులు లేవు. నేనే వేయించలేదు. వేసినట్టు రాశాను. గండి కొట్టకపోతే ఇళ్లు కూలేవి. నేరం వాళ్లది కాదు.

ఎస్సై పెన్ను మూసి నన్ను చూశాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. కోపపడి ఉంటే తేలిగ్గా ఉండేది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇచ్చి పొమ్మన్నాడు. నేను లేస్తుంటే మెల్లగా, ఇది మీ ఆఫీసులో కూడా రాసి ఇవ్వండి సార్ అన్నాడు. అతను చెప్పకపోతే రాసేవాణ్ణా? నిజం చెప్పాలంటే తెలియదు.

రాసిచ్చాను. మెమో వచ్చింది, విచారణ జరిగింది, శిక్ష పడింది. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, రావలసిందే వచ్చింది. మామ నాతో మాట మానేశారు. ఆయన ఇంటి శుభకార్యాల పత్రికలు ఇప్పుడు మాకు రావు. పరాయివాళ్ల ముందు మన వాళ్ల గుట్టు విప్పాడని చుట్టాల్లో చెప్పారట. ఆయన చెప్పిందాంట్లో మారియమ్మాల్ పరాయిది. నలభై ఏళ్లు ఆయన చేలల్లో పత్తి ఏరిన మనిషి.

నెల తిరిగేలోపు విరుదునగర్ నుంచి కొత్త పైపులు తెప్పించి కాలనీ దారిలో రెండు వెంట్లూ వేయించాను. పని నాకు అప్పగించవద్దని పైవాళ్లు అనుకున్నారు, వేరే మనిషి లేక నాకే ఇచ్చారు. మట్టి కప్పే ముందు మారియమ్మాల్‌ను పిలిపించాను. ఆమె గుంటలోకి దిగి, ఒక్కో పైపు మీద చెయ్యి పెట్టి, ఇటు చివర నుంచి వంగి అటు వెలుగు కనపడుతుందో లేదో చూసి, పైకి వచ్చింది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు, గట్టు పట్టుకుని ఎక్కింది.

"అక్కా, సూసుకున్నావా? మూయించేదా?" అని తెలుగులో అడిగాను. అక్కా అని ఆమెను పిలవడం అదే మొదలు.

చూశాను సార్, మూయించండి అని తమిళంలో చెప్పింది.

వర్షాల రిపేరు పని గురించి కొత్తగా చేరిన ఓవర్సీర్లు నన్ను అడుగుతుంటారు. ఎస్టిమేట్ ఎలా వేయాలి, ఎంత మట్టి పడుతుంది అని. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను ఒక్కటే చెబుతాను. కప్పేసే ప్రతి పనినీ కప్పే ముందు, అది తెగితే ఎవరి ఇంట్లోకి నీళ్లు పోతాయో ఆ మనిషిని పిలిచి చూపించి, వాళ్ల చేత ఎం-బుక్ పక్కన సంతకమో వేలిముద్రో పెట్టించుకోండి. అలాంటి రూలు ఎక్కడా లేదు, నేను పెట్టుకున్నాను. సైట్‌లో నిలబడి ఎవరితోనూ తెలుగు మాట్లాడను. నాకంటే బాగా తెలుగు వచ్చినవాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు.

కరుప్పసామి ఇప్పుడు ప్రభుత్వ బస్సు నడుపుతున్నాడు. అతని బస్సులో రెండు మూడు సార్లు మారియమ్మాల్ కనపడింది. ప్రతిసారీ తెలుగులో పలకరిస్తాను, బాగున్నావా అక్కా అని. ప్రతిసారీ తమిళంలో, బాగున్నాను సార్ అంటుంది. ముఖం తిప్పుకోదు, కోపమూ కనపడదు. జీవితమంతా మా చేలల్లో వంగి నేర్చుకున్న ఆ భాషను ఆమె నాతో ఒక్కసారే మాట్లాడింది. అది పోలీసుల ముందు నా పరువు నిలబెట్టుకునే అవకాశం నాకే ఇవ్వడానికి. ఆ మేలు నేను అడగలేదు. రెండోసారి అడిగే ముఖం నాకు లేదు.